కాళ్ళ మధ్య దిండు

కోటమ్మా,

నువ్వు పోయేదాకా ఆరేళ్ళు గోడవైపు తిరిగి, కాళ్ళ మధ్య దిండు ఇరికించుకుని పడుకున్నావు. నన్ను దగ్గరికి రానివ్వకుండా అలిగావనుకున్నాను. నేనూ తగ్గలేదు. ఎందుకని అడగకుండా మంచం వసారాలో వేసుకున్నాను.

వల లాగిన మోకాళ్ళు ఇప్పుడు నన్నూ నిద్రపోనివ్వడం లేదు. మొన్న ఆసుపత్రికి పోతే నర్సమ్మ చెప్పింది.

"తాతా, పక్కకి తిరిగి, మోకాళ్ళ మధ్యన దిండు పెట్టుకొని పడుకో. కీళ్ళు ఒత్తుకోవు, నిద్ర పడతాది."

"మా ఆడది అట్నే పడుకునేది, పొగరుతో."

"పొగరేంది తాతా! ఆ యమ్మకీ మోకాళ్ళ నొప్పులుండుంటాయి."

నలుగురి ముందు తల ఎత్తలేకపోయాను.

నాలుగు రోజులుగా అలాగే పడుకుంటున్నాను. తెల్లారేదాకా మెలకువ రావడం లేదు. నిద్ర పట్టేకొద్దీ నీ మీద కోపం పెరుగుతోంది. చేపల గంప నెత్తిన పెట్టుకుని మైపాడు నుంచి ఊరూరా తిరిగావు. ఒక్కనాడైనా నొప్పి అన్నావా? ఇప్పుడు అడిగితే, ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరికీ తెలుసట. కట్టుకున్నవాడికి మాత్రం దాచావు. ఇంత మోసం నాకు పగవాడు కూడా చేయలేదు.

వచ్చే శుక్రవారం నీ సంవత్సరీకం. ఆ లోపల కలలోకైనా వచ్చి జవాబు చెప్పు. నేను తిడతానని చెప్పలేదా, చెప్పినా పట్టించుకోననుకున్నావా?