కుడివైపుకు ఒరిగే జీపు

నాయనా,

నిన్నటితో నువ్వు పోయి ఏడాది నిండింది. ఈరోజు జీపును పలమనేరులో మునస్వామి మేస్త్రీ షెడ్డుకు తీసుకెళ్లాను. ఖాళీగా నిలబెట్టినా అది కుడివైపుకు, అంటే నువ్వు కూర్చుని తోలే వైపుకు, ఒరుగుతోంది. స్ప్రింగు పట్టీలు దిగిపోయాయనుకుని కొత్తవి వేయించాను. అయినా ఒరుగుడు పోలేదు. ఎందుకో తెలుసుకుంటే తప్ప నా మనసు ఊరుకునేలా లేదు.

తోట దారిలో రాళ్లు తగలకుండా నువ్వు జీపును ఎత్తు చేయించావు కదా. ఎత్తయ్యాక మలుపుల్లో ఊగుతోందని ఒక పక్కకు ఊగితే మెలిపడి స్ప్రింగులా వెనక్కి లాగే పాత కారు కడ్డీ ఒకటి ఈ మేస్త్రీ చేతే కింద అడ్డంగా వేయించి, దాని రెండు కొసలనూ చిన్న లింకులతో ఇరుసుకు బిగింపజేశావు. మేస్త్రీ కిందికి దూరి కుడి లింకు ఊడదీయగానే జీపు దానంతట అదే సమంగా నిలబడింది. నేను నోరు తెరిచి చూశాను.

"ఇది మీ నాయన బరువుమ్మా," అన్నాడు మేస్త్రీ. "ఆయప్ప సీట్లో కూసోని, ఇప్పుడు బిగించప్పా అన్నాడు. తోలేటప్పుడు కడ్డీ యా పక్కకీ లాగకూడదని. ఇప్పుడు ఆయప్ప లేడు, కడ్డీ మాత్రం ఆ పక్కకే లాగతా ఉండాది."

లింకును నీ బరువుకు బిగించిన ఆ కొలతలోనే ఉంచమన్నాను.

"మలుపులో బండి తోలేది నువ్వు. ఎక్కి కూసో," అని కసిరాడు.

కూర్చున్నాను. లింకు మళ్లీ తగిలించి, దాని మర తిప్పి, నా బరువుకు సరిచూసి బిగించాడు.

దిగి, దూరంగా వెళ్లి చూశాను. ఇంకా కుడివైపుకే ఒరిగి ఉంది. నీ అంత కాదులే, నా అంత.