కుడివైపు ఉండాల్సిన బటన్

పెడన, మంగళవారం రాత్రి

నా చెయ్యే నన్ను మోసం చేసింది. పదకొండేళ్లుగా మా ప్రింటింగ్ షాపు కంప్యూటర్లో డిజైన్ ఫైలు మూసేటప్పుడు "ఉంచు" కుడివైపు, "తీసెయ్" ఎడమవైపు ఉండేవి. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లు అప్‌డేట్ పేరుతో చెప్పాపెట్టకుండా అటుదిటు, ఇటుదటు మార్చేశారు. పొద్దున అలవాటుగా కుడివైపే నొక్కాను. "ఖాయమేనా?" అని మళ్లీ అడిగితే, ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుందిగా అని దానికీ అవునన్నాను.

పక్కనే లలిత ఉంది. పనిలో చేరి మూడు వారాలైంది.

"అక్కా, అది చదివారా?" అంది.

"కొత్తవాళ్లు చదవాలమ్మా. నేను చూడక్కర్లేదు" అన్నాను.

పోయింది కలంకారీ అచ్చులు చెక్కే వీరాస్వామి గారి నెమలి అంచు. చూపు మందగించకముందు ఆయన చేత్తో గీస్తే, నేను స్కాన్ చేసి దాచింది. అసలు కాగితాన్ని చెక్కకు అంటించి దాని మీదే చెక్కుతారు కాబట్టి, పని సాగేకొద్దీ అది చిరిగిపోతుంది. మధ్యాహ్నం ప్రింటు కోసం వచ్చారు.

"సగమే అయిందమ్మా, ఇంకా తోక చెక్కాలి" అన్నారు.

ఇక తిరిగి రాదని చెప్పాను. తప్పు సాఫ్ట్‌వేర్ వాళ్లదని రెండుసార్లు చెప్పాను.

"నలభై ఏళ్ల నుంచి చెక్కుతున్నా. ఇప్పటికీ ఉలి పెట్టిన చోటు చూసుకునే కొడతానమ్మా" అన్నారాయన, నెమ్మదిగానే.

చూడక్కర్లేదని నేనన్న మాట ఆయనకు తెలీదు. లలితకి తెలుసు. ఆ పిల్ల తలెత్తకుండా, స్క్రీన్ మీద ప్రతి అక్షరం చదువుకుంటూ కూర్చుంది.