చెయ్యి నొక్కితే వదలాలి

అన్నయ్యా,

నిన్న తుని షోలో నన్ను వీరబాబుగాడి మీదకి దింపారు. రింగులో నీ మెడ విరిచినవాడే. ఇప్పుడు పోస్టర్ నిండా వాడి మొహమే.

గెలిచేదెవరో ముందే అనుకుని ఆడే కుస్తీ మనది. నువ్వు ఓడిపోవడానికి ఒప్పుకున్నావు గానీ చావడానికి కాదు. దెబ్బ నిజంగా తగిలితే అవతలివాడి చెయ్యి నొక్కాలని, నొక్కితే వాడు వదిలెయ్యాలని నాకు నేర్పింది నువ్వే. ఆ రోజు నువ్వు నొక్కడం రింగు కింద నుంచి చూశాను. జనం ఈలలేస్తున్నారని వాడు వదల్లేదు.

నిన్న వాడి మోకాలు మెలిపెట్టాను. వాడు నా చెయ్యి నొక్కాడు.

"తమ్ముడూ, నిజంగానే విరిగిపోతోందిరా, వదిలెయ్యరా!"

"మా అన్నయ్య కూడా నొక్కాడండి," అన్నాను.

ఈలలు ఆగేదాకా నేనూ వదల్లేదు.

నువ్వుంటే నా చెంప పగలగొట్టేవాడివి. లేచొచ్చి కొట్టు.