తాబేలు తొట్టిలో మొజాయిక్ రాళ్లు

బీరంగూడ,
మంగళవారం

లింగం మామయ్యకు నమస్కారం.

మీ టైల్స్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చి మా తాబేలు తొట్టి అడుగున మీరు పోసిన మొజాయిక్ రాళ్లను తీసేశాను. చిన్న రాళ్లను అది మింగుతుందని ఆ రోజే చెప్పాను. "గదేమన్న కోడా, రాళ్లు మింగెతందుకు? జెర పుస్తకాలు తక్కువ సదువు, బిడ్డా" అన్నారు. అందరూ నవ్వారు.

తాబేలు మేత మానేసింది. ఈ ఉదయం మలంతోపాటు ఎర్రరాయి ఒకటి బయటపడింది. కడిగి ఈ కవరులో పెట్టాను, చూడండి. లోపల ఇంకా ఎన్ని ఉన్నాయో తెలియదు.

ఇక తొట్టి అడుగు ఖాళీగానే ఉంటుంది. ఎప్పుడైనా వేస్తే దాని తలకన్నా పెద్ద రాళ్లే వేస్తాను.

ఆదివారం ఇంకో సంచి తెస్తానన్నారట. చుట్టాలింటికి ఉత్తచేతులతో పోకూడదని మీరే అంటారు. మా ఇంటికి ఉత్తచేతులతోనే రండి.

మీ మేనకోడలు