వెనక్కి పారిన గెడ్డ

అనకాపల్లి,
పదో తారీకు, మంగళవారం.

అయ్యకీ అమ్మకీ,

మీ పెద్దకూతురు దేముడమ్మ కాళ్ళకు దండం పెట్టి రాస్తున్నది.

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయాల్సొచ్చిందంటే, వచ్చే సంతలో నా గురించి మీకు ఒక కబురు తెలుస్తుంది. మా బడి వ్యాను క్లీనరుది దేవరాపల్లి. వాడి నోట్లో మాట ఆగదు. సంతకు చేరేసరికి ఆ కబురు పిల్లలు చచ్చిపోయారనీ, నన్ను పోలీసులు పట్టుకెళ్ళారనీ మారిపోతుంది. అలాంటిదేమీ లేదు. పిల్లలందరూ క్షేమం. నేనూ క్షేమం. చదివి వినిపిస్తున్న మాస్టారు గారికి నమస్కారాలు. సార్, ఆ మాట ఇంకోసారి చదవండి, అమ్మ మొదటిసారి వినిపించుకోదు. పిల్లలందరూ క్షేమం.

మీరంతా ఎలా ఉన్నారు? అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి బడికి సరిగ్గా వెళ్తోందా, లేక మేకల వెనకే తిరుగుతోందా? నేను కశింకోటలో అదే గదిలో ఉంటున్నాను. పొద్దున్నే షేర్ ఆటోలో అనకాపల్లి బడికి చదువు చెప్పడానికి వెళ్తాను. ఇద్దరు కూర్చునే చోట నలుగురిని కూర్చోబెడతారు, ఒళ్ళో ఎవరిదో ఒక కూరల బుట్ట ఉంటుంది. ఇప్పుడు బెల్లం వండే రోజులు కాబట్టి దారంతా బెల్లం వాసనే. మొదట్లో బాగుండేది, ఇప్పుడు ముక్కు మూసుకుంటున్నాను. రెండు పూటలా అన్నం తింటున్నాను, బెంగ పెట్టుకోవద్దు. కానీ అంబలి తాగక నాకు తిన్నట్టే ఉండదు. వీలుంటే కొంచెం చోడిపిండి పంపించండి.

ఇక జరిగింది చెబుతాను. పోయిన శనివారం నాలుగో తరగతి పిల్లల్ని పూడిమడక అవతల ఒక పార్కుకి తీసుకెళ్ళాం. ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోట కట్టారు. ఉయ్యాలలు, జారుడుబల్లలు ఉన్నాయి. పడవలాగా కట్టిన ఒక గదిలో గవ్వలు, చేపల బొమ్మలు, వాటి కింద పేర్లు. పిల్లలు ఆడుకుంటూనే పాఠం నేర్చుకోవాలని మా బడి యజమాని ఆలోచన. ఆయన్ని ఇక్కడ కరస్పాండెంటు గారు అంటారు. నాతోపాటు రమణమ్మ టీచరు వచ్చింది. పెద్దావిడ, ఈ ఊరిదే.

అయ్యా, నేను సముద్రం చూడడం అదే మొదలు. అవతలి గట్టు కోసం వెతికాను. లేదు. పిల్లలు నవ్వుతారని నోరు మూసుకున్నాను.

రమణమ్మ టీచరు మండపం కింద పులిహోర పొట్లాలు పంచుతోంది. ఏటికి అవతల ఇసుక దిబ్బ మీద తెల్ల కొంగలు వాలి ఉన్నాయి. కొంతమంది పిల్లలు వాటి అడుగులు చూద్దామన్నారు. మధ్యలో ఏరు చీలమండ దాకా కూడా లేదు. దాటేముందు నేను ఏం చేశానో నీకు చెప్పక్కర్లేదు అయ్యా. నువ్వు చిన్నప్పట్నుంచీ చేయించినట్టే పడమర తిరిగి కొండ వైపు చూశాను. ఎక్కడా నల్లగా లేదు. ఒక్క మబ్బు లేదు. కొండ మీద వాన లేకపోతే గెడ్డలోనైనా ఏట్లోనైనా నీళ్ళు ఎక్కడినించి వస్తాయి? పిల్లల్ని దాటించాను.

దిబ్బ మీద కొంగల అడుగులు చూశాం, గవ్వలు ఏరాం. అంతలో జ్యోతి అనే పిల్ల నా కొంగు పట్టుకుని లాగింది.

"టీచర్, నా సెప్పు కొండకేసి పోతంది."

"చెప్పు కొండకేసి పోవడమేంటే" అని నవ్వుతూ తిరిగాను. నిజంగానే పోతోంది. ఏరు వెనక్కి పారుతోంది అయ్యా. సముద్రం నుంచి కొండ వైపు, నిండుగా, చప్పుడు లేకుండా. పైన ఎండ కాస్తూనే ఉంది. మేం దాటిన చోట నీళ్ళు అప్పుడే పిల్లల మోకాళ్ళ పైదాకా వచ్చేశాయి. భూమి ఒరిగిపోయిందేమో అనుకున్నాను.

మన గెడ్డ దాటినట్టే దాటిద్దామనుకున్నాను. వేళ్ళు కాదు, మణికట్లు పట్టుకుని వరసగా నిలబడమన్నాను. నీళ్ళు వచ్చే వైపు పెద్దవాళ్ళు నిలబడాలి కదా, అలవాటుగా కొండ వైపు నేను నిలబడ్డాను. చిన్నవాళ్ళు సముద్రం వైపు ఉండిపోయారు. నడిమధ్యకి వచ్చాక ఆ చివరనున్న చందూ అనే పిల్లాడికి ముందు తగిలింది నీళ్ళ తోపు. కాళ్ళు తేలిపోయి మునిగాడు. నీళ్ళే వాణ్ణి నా మీదికి తోశాయి. కాలరు దొరికింది. నీళ్ళు వచ్చేది సముద్రం వైపు నించని అప్పుడు గాని నా బుర్రకి ఎక్కలేదు. వాణ్ణి భుజాన వేసుకుని సముద్రం వైపు మారి, మిగతావాళ్ళని నా చాటున పెట్టుకుని గట్టెక్కించాను.

రమణమ్మ టీచరు గట్టు మీద నిలబడి ఉంది. "ఏటే దేముడమ్మా, పోటొచ్చే ఏళకి పిల్లల్ని దిబ్బ మీదికి తోలుకెళ్తావా? పోటని తెలీదా నీకు?" అంది. తెలీదన్నాను. ఆమె నమ్మలేదు. నేను అబద్ధమాడుతున్నానంది.

ఎలా నమ్ముతుంది? ఆటుపోట్ల పాఠం నేనే చెప్పాను. బోర్డు మీద చంద్రుణ్ణి గీశాను, సముద్రం పొంగడం గీశాను. నేను చదువుకునేప్పుడు పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు నిండు మార్కులు వచ్చాయి. ఆ రాసింది ఈ నీళ్ళ గురించేనని, ఇలా వచ్చి పిల్లల నడుముల దాకా ఎక్కుతుందని నాకు తట్టలేదు. అన్నిటికన్నా ఎక్కువగా నేను అదిరిపోయింది దానికే.

చందూ నీళ్ళు మింగాడు. ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచి పొద్దున్నే పంపించేశారు. ఇప్పుడు గోళీలు ఆడుతున్నాడు, నేనే చూసి వచ్చాను. కానీ బడి గేటు దగ్గర తండ్రులు నాకు వినబడేలాగే అంటున్నారు, "కొండోళ్ళకి సముద్రం ఏటి తెల్సు? ఆ పిల్లకి పిల్లల్నెవుడు అప్పజెప్పమన్నాడు?" అని. కరస్పాండెంటు గారు మంచివారే. ఆయన, "నేను తీసెయ్యను, ఉంచుకోను. ఇరవై నాలుగున తల్లిదండ్రుల మీటింగు ఉంది, వాళ్ళు సరేనంటే ఉండమ్మా" అన్నారు.

నిన్న సాయంత్రం చందూ మామ్మ నా గదికి వచ్చింది. వాళ్ళది చెరుకు పండించే ఇల్లు. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. గడప మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. తాగి, "మీటింగుకి నీ ఎనకాల ఎవలొత్తారు?" అంది.

"ఎవరూ రారు మామ్మా. నేనే చెప్పుకుంటాను."

"నువ్వు సెప్పుకుంటే ఎవలింటారే? తప్పు సేసినోళ్ళని వొదిలేత్తారు. తప్పు సేసి ఎనకాల ఎవలూ లేనోళ్ళని మాత్తరం వొదల్రు. మీ అయ్యకి కబురెట్టు" అంది. వెళ్తూ వెళ్తూ, "మావోడు ఇంకెప్పుడూ నీళ్ళ దగ్గరికి ఎల్లడులే, ఇంట్లో తానం కూడా మానేసేడు" అని నవ్వించింది.

అందుకే అడుగుతున్నాను అయ్యా. మన ఊళ్ళో ఎవరు తప్పు చేసినా ఇంటిపెద్ద వచ్చి నలుగురిలో కూర్చుని, "నా బిడ్డ తప్పు చేసింది, దాని మాటకి నేనున్నాను" అంటాడు. చిన్నాన్న కోసం నువ్వు అలా కూర్చున్నావు. నాకోసం ఇక్కడికి వచ్చి కూర్చుంటావా? నువ్వు దేవరాపల్లి దాటి ఎప్పుడూ రాలేదని తెలుసు. ఇక్కడ బెంచీల మీద కూర్చుంటారు, చెప్పులు విప్పక్కర్లేదు. నీ కొత్త పంచె కట్టుకో. కొండ చూసి గెడ్డ దాటమని నువ్వే నేర్పావని, నువ్వూ సముద్రం చూడలేదని చెప్పడానికి నామోషీ పడకు. ఇప్పుడు సముద్రం చూశానని, పోటు సంగతి నేర్చుకున్నానని నేను చెబుతాను. నాకు ఈ పని కావాలి అయ్యా. పిల్లలకి చదువు చెప్పడం నాకు చేతనవును.

తాతకీ పెద్దమ్మకీ నా దండాలు. చెల్లికి ముద్దులు. అమ్మని ఏడవద్దని చెప్పు. మీ దీవెన నా మీద ఉంచండి.

మాస్టారు గారూ, అయ్య ఏం చెప్తే అది ఒక కార్డు ముక్క మీద రాసి పంపించండి. వస్తానంటే బస్టాండులో పొద్దున్నుంచీ నిలబడతాను. రానంటే రానని రాయండి, ఒక్కదాన్నే వెళ్ళి వాళ్ళ ముందు కూర్చుంటాను. ఏదైనా సరే, ఇరవయ్యో తారీకులోగా నాకు అందేలా రాయండి.

మీ కూతురు,
దేముడమ్మ