మేకలు తిన్న వేపమండ

అన్నా,

నీకు చదువు రాదు. బతికున్నా ఈ ఉత్తరం నన్నే చదివి వినిపించమనేవాడివి. నువ్వు పోయి నేటికి ఏడాది.

గొర్రెల దగ్గర కూర్చుని నేను నీకు చదివిన డిటెక్టివ్ నవల గుర్తుందా? తండ్రిని చంపినవాడు పాలగ్లాసు ఎత్తుతాడు. అందులో విషముందని కొడుక్కి తెలుసు. చెప్పాలా, వద్దా? నేను వద్దన్నాను. నువ్వు కర్రతో నేలను కొట్టావు.

"చూసి నోరు మూసుకున్నోడు గూడ విషం పెట్టినోడే రా!"

ఈ తెల్లవారుజామున తోడేలు మన గొర్రెను చంపింది. ఎప్పటిలాగే అది మళ్లీ వస్తుందని కళేబరానికి విషం పట్టించి వాగు ఒడ్డున పెట్టాను. మనుషులు ముట్టకుండా గుర్తుగా పక్క పొదకు వేపమండ కట్టాను. కాసేపటికే మన మేకలు ఆ మండను మేసేశాయి.

మధ్యాహ్నం బండి నర్సయ్య అటుగా వచ్చాడు. నువ్వు జ్వరంతో కాలిపోతుంటే కోస్గి దవాఖానకు బండి కట్టనన్నది వాడే. పెళ్లాం పిల్లలు లేనివాడు. గొర్రెను బండిలో వేసుకుని, గట్టు మీదున్న నన్ను చూసి నవ్వాడు.

"తోడేలు ఎంగిలైతేంది తమ్మీ, కూర కూరనే గదా! తీస్కపోతున్న."

నేను తల ఊపాను.

ఇప్పుడు పొద్దు గూకుతోంది. నర్సయ్య ఇంటి మీద పొగ లేస్తోంది. ఇక్కణ్ణుంచి కేక వేస్తే వాడికి వినబడుతుంది. ఈ ఉత్తరం ముగించి కేక వేద్దామనుకున్నాను.

పొయ్యి ఆర్పినట్టున్నాడు, పొగ ఆగింది. నేనింకా రాస్తూనే ఉన్నాను.