ఖంగుమనని పలకలు

సెప్టెంబరు 4, ఆదివారం

నాన్న మంచం పక్కన రెండో బకెట్ పెట్టాను. చినుకులు తలగడకి జానెడు దూరంలో పడుతున్నాయి. వేల్స్‌లో పుట్టి వానని తిట్టుకోవడం దండగ. అయినా తిట్టాను. ముప్ఫై ఒక్కేళ్లు క్వారీలో, ఇంటి కప్పుల మీద పరిచే రాతి పలకలు చీల్చిన మనిషి ఆయన. వీధి మొత్తంలో కారేది మా ఇల్లే.

సెప్టెంబరు 7

కప్పులు వేసే మైరిగ్ వచ్చి అటక ఎక్కి చూశాడు. దిగొచ్చి టీ తాగాక చెప్పాడు.

వాసాలు పుచ్చిపోయాయట. మళ్లీ రాతి పలకలే కావాలంటే వాసాలన్నీ మార్చాలి, ఇల్లు మూడు నెలలు ఖాళీ చెయ్యాలి. ప్లాస్టిక్, రబ్బరు కలిపి పోతపోసిన పలకలున్నాయి, చూడ్డానికి అచ్చం రాయే, బరువు మూడో వంతు కూడా ఉండదు, ఉన్న వాసాలకి నాలుగు తోడు కర్రలు బిగిస్తే మోస్తాయి, పది రోజుల్లో అయిపోతుంది అన్నాడు. ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో ఉన్న మనిషిని మూడు నెలలు, అదీ చలికాలంలో, ఎక్కడుంచను? అదే వెయ్యి అన్నాను.

మీ నాన్నకి మాత్రం నేను చెప్పను ఎలీనెడ్, నాకు ఇంకా నాలుగేళ్లు బతకాలని ఉంది, అన్నాడు. రెండు రకాలవీ ఒక్కో ముక్క వదిలి వెళ్లాడు. రొట్టెల డబ్బాలో దాచాను.

సెప్టెంబరు 8

మా ప్రార్థన మందిరం చాపెల్‌కి స్పెయిన్ నుంచి తెప్పించిన పలకలు వేయించినప్పుడు నాన్న ఏం చేశాడో ఊరంతటికీ తెలుసు. ప్రార్థన మధ్యలో లేచి, ఈ కప్పు కింద దేవుడికి మన భాష అర్థం కాదు, పదవే అమ్మాయ్, అని నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. పంతొమ్మిదేళ్లు, కాళ్లలో ఓపిక ఉన్నన్నాళ్లూ, మైలు దూరంలో ఉన్న వేరే చాపెల్‌కి వెళ్లాడు.

స్పెయిన్‌దైనా రాయి. ఇది ప్లాస్టిక్.

సెప్టెంబరు 9, ఉదయం 6

మా ఊళ్లో పిల్లలకి కూడా తెలిసిన విద్య. పలకని రెండు వేళ్లతో పట్టుకుని వేలి కణుపుతో తట్టాలి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే లోపల పగులుంది, పారేసే కుప్పలోకి. వంటింట్లో రెండూ తట్టి చూశాను. రాయి ఖంగుమంది. రెండోది అట్టపెట్టెలా మోగింది.

సెప్టెంబరు 12

డాక్టరమ్మ వచ్చింది. నాన్న వీపు మీద వేలు ఆనించి, దాని మీద ఇంకో వేలితో తట్టింది. ఏమ్మా, ఖంగుమంటోందా, కుప్పలో వేసేస్తావా, అన్నాడు. ఆవిడ నవ్వింది. లోపల ఉన్నది ముప్ఫై ఒక్కేళ్ల రాతి దుమ్ము. నేను పని ఉన్నట్టు కిందికి వచ్చేశాను.

సెప్టెంబరు 15

సగం చెప్పాను. కప్పు మారుస్తున్నాం, పది రోజులు నువ్వు నర్సింగ్‌హోమ్‌లో ఉండాలి అని. ఏ పలకలు అని అడగనే లేదు. అడగాల్సిన అవసరం ఉంటుందని ఆయనకి తోచదు కదా.

లారీ రాగానే ఒక్క పలక నా దగ్గరికి పట్రా, తట్టి చూస్తాను, అన్నాడు. కళ్లు మూసుకుని ఒప్పుకుంటే నా పేరు ఇద్వాలే కాదే, అన్నాడు.

సరే అన్నాను. ఎందుకన్నానో!

సెప్టెంబరు 21

పాత పలకలు దించి పెరట్లో పేర్చారు. వాటిలో అన్నింటికన్నా బాగున్నదాన్ని ఏరాను. గిన్నెలు తోమే బ్రష్‌తో నాచు పోయేదాకా రుద్దాను, తుడిచాను, తువ్వాలులో చుట్టి నర్సింగ్‌హోమ్‌కి బస్సెక్కాను.

కొత్త పలక అని చెప్పి చేతికిచ్చాను. నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తట్టాడు. ఖంగుమంది. అంచు పొడుగునా బొటనవేలితో నిమిరాడు, మేకు రంధ్రాలు తడిమాడు, వేలు తువ్వాలుకి తుడుచుకున్నాడు. మంచి రాయి, అన్నాడు.

దాన్ని మళ్లీ తువ్వాలులో చుట్టి తిరుగు బస్సెక్కాను.

సెప్టెంబరు 22

చిన్నప్పుడు కూడా ఆయనకి అబద్ధం చెప్పలేదు.

అక్టోబరు 1

నాన్న ఇంటికి వచ్చాడు. వీధిలోంచి చూస్తే కొత్త కప్పు అచ్చం రాతిదే. ఒక్కసారి తల ఎత్తి చూసి, మైరిగ్ వరసలు తిన్నగా వేశాడు, అన్నాడు. అంతే. మెట్లెక్కడానికి పావుగంట పట్టింది.

అక్టోబరు 3, మధ్యాహ్నం 3

వాన. ఒక్క చుక్క కారలేదు. సంతోషించాల్సింది పోయి చెవులు రిక్కించి వింటున్నాను. రాతి మీద వాన టకటకమనేది. ఇప్పుడు ఎవరో గది అవతల గుసగుసలాడుతున్నట్టుంది. నాన్న వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నాడు. నేను ఆయన మొహం చూస్తున్నాను. టీ ఇమ్మన్నాడు. ఇచ్చాను. ఇంటి కప్పు గురించి ఒక్క మాట లేదు. తిడితే పోయేది.

అక్టోబరు 4

పొద్దున్నే మంచం చెక్క మీద కణుపుతో రెండుసార్లు తట్టాడు. నన్ను పిలవడం అలాగే. వెళ్లాను.

మైరిగ్ ఆ కొత్తవాటిని దేనితో కోశాడు, అని అడిగాడు.

కత్తితో, అన్నాను.

దుమ్ము లేచిందా, అన్నాడు. లేవలేదన్నాను. ఒక్క రవ్వ కూడానా అన్నాడు. ఒక్క రవ్వ కూడా, అన్నాను. హమ్మయ్య అన్నట్టు తలగడకి ఆనుకున్నాడు.

అప్పుడు మొదలుపెట్టాడు. రాళ్లు చీల్చేవాడి కూతురివై ఉండి, కొత్త పలక మేకు రంధ్రంలో తుప్పుంటుందటే? నాచు కడిగావు గానీ తుప్పు కడగలేదు. వేలు ఎర్రబడింది. నా కప్పు మీది పలక తెచ్చి నాకే చూపిస్తావా, అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఎందుకు ఆపలేదు నాన్నా అని అడిగాను.

ఇంత కష్టపడి తోమావు కదా అని, అన్నాడు. నవ్వబోయి దగ్గు తెర వచ్చి ఐదు నిమిషాలు ఆగలేదు.

తేరుకున్నాక, ఆ రొట్టెల డబ్బాలో దాచిన ముక్క పట్రా అన్నాడు. అదెలా తెలుసని అడగలేదు. నెలరోజులుగా మా రొట్టె రబ్బరు వాసనే కొడుతోంది. తెచ్చి ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని తట్టాడు. మొద్దుగా మోగింది. ఇంకోసారి తట్టాడు. తర్వాత చొక్కా గుండీ తీసి తన రొమ్ము మీద తట్టుకున్నాడు.

రెండూ ఒకటే మోత, ఉండనీవే, అన్నాడు.

అక్టోబరు 6

పొద్దుటి నుంచీ వాన. బకెట్లు పెరట్లో పడేశాను. పైనుంచి రెండుసార్లు తట్టిన చప్పుడు. కింద నుంచి నేనూ రెండుసార్లు తట్టాను.